నూట ముప్పై ఒక్క శాతం ఊపిరి

సుస్మితకు ఆ ఉద్యోగం వచ్చి ఐదు నెలలైంది. మార్కాపురంలో కంభం రోడ్డు మీద, ఎరువుల దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని ఒక ట్రస్టు వాళ్ళు ఆఫీసు నడుపుతున్నారు. పలకల ఫ్యాక్టరీల్లో రాయి కోసేవాళ్ళకు ఊపిరితిత్తుల పరీక్షలు చేయించి, ఆ వివరాలు కంప్యూటర్లో పెట్టి, నెలకోసారి ఒంగోలులో ఉండే డాక్టర్ నిత్యానందానికి రిపోర్టు పంపడం అక్కడి పని. అందులో సుస్మిత వంతు చిన్నది. క్యాంపు నుంచి వచ్చిన కాగితాలు ముందు పెట్టుకుని పేరు, వయసు, ఎత్తు, ఎంత గాలి ఊదారు అన్నది టైపు చేయడం.

కంప్యూటర్ సంగతులన్నీ తెలిసిన మనిషి రేణుక. ముప్పై ఐదేళ్ళుంటాయి. రోజూ గిద్దలూరులో రైలెక్కి, మార్కాపురం రోడ్ స్టేషన్లో దిగి, షేర్ ఆటోలో ఊళ్ళోకి వస్తుంది. రైలు ఆలస్యమైతే ఆమెకు కోపం వస్తుంది. కోపం వస్తే ఆ పూట ఏమీ నేర్పదు. ఆ మంగళవారం రైలు టైముకే వచ్చింది.

"ఈరోజు నీకు క్వెరీ రాయడం చెప్తా. అంటే టేబుల్‌ని ప్రశ్న అడగడం. కుర్చీ ఇట్ల లాక్కో" అంది.

టేబుల్ అంటే ఏమిటో సుస్మితకు అప్పటికే తెలుసు. మనిషికొక వరస. వరసలో పేరు, వయసు, ఫ్యాక్టరీ, ఊదాల్సిన గాలి, ఊదిన గాలి. ఊదాల్సిన గాలి అంటే, ఆ వయసూ ఆ ఎత్తూ ఉండి ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక్క దమ్ములో ఎంత ఊదగలడో మిషను వేసే అంచనా. ఊదిన గాలి అంటే ఆ మనిషి నిజంగా ఊదింది. రెండూ మిల్లీలీటర్లలోనే.

"ఈ రెండూ చూసి ఎవరికి బాగుందో ఎవరికి బాగలేదో చెప్పగలవా?" అని అడిగింది రేణుక.

"చెప్పొచ్చక్కా. ఈయన మూడు వేలు ఊదాల, పంతొమ్మిది వందలు ఊదినాడు. బాగలేదు."

"నూట పన్నెండు మందినీ అట్లనే చూస్తా కూచుంటావా? ఊదినదాన్ని ఊదాల్సినదానితో భాగించు. అదొక కాలమ్ అవుతాది."

"ఆ కాలమ్ టేబుల్లో లేదు కదక్కా."

"లేదు, ఉండక్కర్లేదు. నువ్వు అడిగినప్పుడు అప్పటికప్పుడు లెక్క కట్టి చూపిస్తాది. టేబుల్లో ఒక్క అంకె కూడా కదలదు. ఎత్తు తప్పు పడిందని రేపు నువ్వు దిద్దినావనుకో, ఊదాల్సిన గాలి మారుతాది. ఈ శాతాన్ని ముందే రాసి పెట్టుకోని ఉంటే అది పాతదే ఉండిపోయి అబద్ధం చెప్తాది. అందుకే దీన్ని దాచుకోకూడదు, అడిగి తీసుకోవాల."

సుస్మిత టైపు చేసింది. సెలెక్ట్ అని కొట్టి, పేరు, వయసు, ఫ్యాక్టరీ వరసగా పెట్టి, తర్వాత ఊదిన గాలిని ఊదాల్సిన గాలితో భాగించమని రాసింది. దాని వెనక 'యాజ్' అని పెట్టి కొత్త కాలమ్‌కు 'శాతం' అని పేరిచ్చింది. రన్ నొక్కింది.

సున్నాలు వచ్చాయి. కిందికి జరుపుకుంటూ పోయింది. ఎక్కడో ఒక ఒకటి, మళ్ళీ సున్నాలు. అట్లా తొంభయ్యో వరస దాకా పోయాక ఒకట్లు మొదలయ్యాయి. ఆ చివర దాదాపు అన్నీ ఒకట్లే.

"తప్పు చేసినానక్కా."

"మొదట అందరూ చేసేదే. రెండు వైపులా పూర్ణాంకాలే ఉంటే ఇది దశాంశాలు పారేస్తాది. ముప్పావు వచ్చినా సున్నా అనే అంటాది. ముందు ఊదిన గాలిని వంద పాయింట్ సున్నాతో గుణించు, ఆ తర్వాత భాగించు. ఆ పాయింట్ చూస్తే చాలు, దానికి అర్థమవుతాది."

సుస్మిత దిద్దబోయింది. రేణుక ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు. ఆ ఒకట్లేంది? ఊదాల్సినంత కంటే ఎక్కువ ఊదితేనే ఒకటి వస్తాది. అంతమంది ఒకేచోట ఎట్ల ఉంటారు?"

దిద్ది మళ్ళీ నొక్కారు. ఈసారి శాతాలు వచ్చాయి. అరవై రెండు పాయింట్ నాలుగు, డెబ్బై ఒకటి, యాభై ఐదు. రేణుక పెద్ద శాతం పైకి వచ్చేట్టు వరస మార్చింది. అన్నింటికన్నా పైన ఉన్న పేరు పుల్లారావు. వయసు అరవై ఒకటి. నూట నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిది.

"అరవై ఒక్క ఏళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళుగా రాయి కోస్తున్నాడని రాసి ఉంది. ఈయన ఊపిరి పరుగు పందేలవాడికి కూడా ఉండదు" అంది రేణుక.

పుల్లారావు కింద యాభై తొమ్మిదేళ్ళాయన. ఆయన కింద యాభై ఏడు. వయసు ఎంత ఎక్కువైతే ఊపిరి అంత గట్టిగా ఉన్నట్టు ఉంది ఆ పట్టిక. పై ఇరవై పేర్లలో దాదాపు అందరూ రంగనాయకులు గారి ఫ్యాక్టరీ వాళ్ళే. నాలుగో పేరు ఓబులేసు. యాభై నాలుగేళ్ళు. నూట ముప్పై ఒకటి పాయింట్ ఐదు.

సుస్మిత ఆ పేరు మీద నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది. ఓబులేసు ఆమె నాయన.

ఆ అంకెను టైపు చేసింది కూడా తనే. పోయిన శనివారం నాలుగు వేల యాభై అని కొట్టినప్పుడు, నాయనకు ఏమీ లేదులే అని సంతోషపడింది కూడా. కానీ ఇంట్లో ఉన్న నాయన వేరు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి గాలి మింగుతాడు. గేటు ముందున్న మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుని నిలబడి, చెప్పులో రాయి పడినట్టు నటిస్తాడు.

"మీ నాయన కదా?" అని అడిగింది రేణుక.

సుస్మిత తలాడించింది.

రేణుక స్క్రీన్ మూసేసింది. "ఎవరికీ చెప్పొద్దు. ఇంట్లో కూడా" అని ఫోను తీసుకుని బాల్కనీలోకి పోయింది. పది నిమిషాలు తగ్గు గొంతుతో మాట్లాడింది. తిరిగి వచ్చి, "ఈ నెల రిపోర్టులో ఆ ఫ్యాక్టరీని పక్కన పెడదాం" అని మాత్రం చెప్పింది. ఎవరితో మాట్లాడిందో చెప్పలేదు.

సుస్మిత మనసులో మొదటి ముల్లు అప్పుడే గుచ్చుకుంది. ఆ గదిలో తిరుగుతున్న ఫ్యాను రంగనాయకులు గారు ఇప్పించిందే. ఆఫీసు తెరిచిన రోజు ఆయన వచ్చి రిబ్బను కత్తిరించిన ఫోటో గోడ మీద ఉంది. పక్కన పెడదాం అంటే ఏమిటి? దాచిపెడదాం అనా?

*

మర్నాడు రేణుక మధ్యాహ్నం దాకా రాలేదు. రైలు ఆలస్యం. సుస్మిత ఒక్కతే కూర్చుని కొత్త క్వెరీ రాసింది. మిషను ప్రతి పరీక్షకూ మొదలైన సమయం, ముగిసిన సమయం రాసుకుంటుంది. వాటినెవరూ ఎప్పుడూ చూడరు. ముగిసిన సమయంలో నుంచి మొదలైన సమయం తీసేసి, ఆ కాలమ్‌కు 'నిమిషాలు' అని పేరు పెట్టింది.

మిగతా ఫ్యాక్టరీల్లో మనిషికి ఆరు, ఏడు, ఎనిమిది నిమిషాలు పట్టాయి. అది సరైన లెక్కే. ఒక్కొక్కరు మూడుసార్లు ఊదాలి, మధ్యలో ఆయాసం తీరాలి, ఒకరిద్దరికి గొట్టం పెదాల మధ్య ఎట్లా పట్టుకోవాలో చూపించాలి. రంగనాయకులు గారి ఫ్యాక్టరీలో మాత్రం ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. ఇరవై రెండు మందికి ఒక్క గంట కూడా పట్టలేదు.

సరిగ్గా అప్పుడే రాజ్ కుమార్ లోపలికి వచ్చాడు. క్యాంపుల్లో మిషను పట్టుకుని పరీక్ష చేసేది అతనే. కొత్త కాగితాలు టేబుల్ మీద పెట్టి నీళ్ళు తాగుతున్నాడు.

"అన్నా, రంగనాయకులు గారి ఫ్యాక్టరీలో నువ్వే కదా ఊదించింది?"

"నేనే. ఎందుకు?"

"ఒక్కొక్కరికీ ఒక నిమిషమే పట్టినట్టు ఉంది."

నీళ్ళు తాగుతున్న గ్లాసు ఆగింది. "మిషను గడియారం తప్పు చూపిస్తాంటాది" అన్నాడు.

"మిగతా మూడు చోట్లా సరిగ్గానే చూపించిందే?"

"నీ పని టైపు చేయడం కదమ్మా? వచ్చింది వచ్చినట్టు కొట్టు. ఈ లెక్కలన్నీ ఎవరు కట్టమన్నారు నిన్ను?"

కోపంగా అనలేదు, భయంగా అన్నాడు. బ్యాగు సర్దుకుని, తెచ్చిన కాగితాలకు సంతకం కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయాడు. దుకాణం ముందు నిలబడి ఎవరికో ఫోను చేయడం కిటికీలో నుంచి సుస్మితకు కనపడింది.

రేణుక వచ్చాక ఈ సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించింది. చెప్పలేదు.

సాయంత్రం ఇంట్లో నాయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుంది.

"నాయనా, క్యాంపులో నువ్వు ఊదినావా?"

"ఊదినా."

"ఎన్నిసార్లు?"

ఓబులేసు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "ఎన్నిసార్లు ఊదమంటే అన్నిసార్లు."

"ఎన్ని?"

"గుర్తులేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందని మీయమ్మకు చెప్పు."

పప్పులో ఉప్పు సరిగ్గానే ఉంది. వాళ్ళమ్మ వంటింట్లో నుంచి ఏదో అంది. ఓబులేసు చెయ్యి కడుక్కుని లేచాడు. ఇంట్లో కూడా తనకు ఎవరూ నిజం చెప్పడం లేదని సుస్మితకు అర్థమైంది.

*

గురువారం మధ్యాహ్నం భోజనం టైములో ఆటో ఎక్కి ఫ్యాక్టరీకి పోయింది. రాయి కోసే షెడ్డు పక్కన ఆఫీసు గది. లోపల రంగనాయకులు గారు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, నుదుట బొట్టు. వాళ్ళ తాతల నుంచి పలకల వ్యాపారమే. సుస్మితను చూసి లేచి నిలబడ్డారు. అంత పెద్దమనిషి తనను చూసి లేవడం ఆమెకు అనుమానంగానే అనిపించింది.

"ఓబులేసు కూతురివి కదమ్మా? కూర్చో. ఏమన్నా తాగుతావా?"

"వద్దు సార్. క్యాంపు రోజు ఇక్కడ ఎవరెవరున్నారో తెలుసుకుందామని వచ్చినా."

"ఆ రోజు నేను వినుకొండలో ఉన్నా. మా తమ్ముడి కూతురి పెళ్ళి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏం, ఏమన్నా తేడా వచ్చిందా?"

"ఏం లేదు సార్."

"ఏం లేకపోతే ఇంత ఎండలో ఎందుకొస్తావమ్మా? ఎవరికి జబ్బుందో ఆ జాబితా నాకొకటి ఇవ్వు. చూస్తా."

అడిగిన తీరు మెత్తగానే ఉంది. కానీ 'చూస్తా' అన్న మాట సుస్మితకు నచ్చలేదు. జాబితా తన దగ్గర లేదని చెప్పి బయటికి వచ్చింది. షెడ్డులో నాలుగు రంపం మిషన్లు ఒకేసారి తిరుగుతున్నాయి. రాయి కోసినప్పుడల్లా బూడిద రంగు పొడి లేచి, ఎండ పడిన చోట నిలబడుతోంది. ఆ పొడి మధ్యలో, మూతికి తువ్వాలు కట్టుకుని నాయన. ఆమెను చూశాడు. పలకరించలేదు. చూడనట్టు రాయి తిప్పి పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంట్లోకి అడుగు పెట్టగానే ఓబులేసు అరిచాడు.

"ఫ్యాక్టరీకి ఎందుకు పోయినావ్? ఆయన నన్ను పిలిపించి, మీయమ్మాయి ఎందుకొచ్చిందని అడిగినాడు. ఏం చెప్పాల నేను? నువ్వు ఆ కంప్యూటర్లో నా గురించి ఏం రాస్తాండావ్?"

"నేనేం రాయలేదు నాయనా. నువ్వు ఊదింది నూట ముప్పై ఒక్క శాతం అని వచ్చింది. నిజమేనా అది?"

ఓబులేసు నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేలోపల వాళ్ళమ్మ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఆ రోజుకు మాట అంతటితో ఆగింది.

*

శుక్రవారం సుస్మిత ఆఫీసుకు పోగానే రేణుక ముందు నిలబడింది.

"అక్కా, మంగళవారం నువ్వు ఎవరికి ఫోన్ చేసినావ్?"

రేణుక తల పైకెత్తి చూసింది. "డాక్టర్ గారికి. ఎందుకు?"

"ఆ ఫ్యాక్టరీని ఎందుకు పక్కన పెట్టమన్నావ్?"

"అబద్ధం అంకెలు కలిపితే అందరి సగటూ అబద్ధమైతాది కాబట్టి. డాక్టర్ గారే చెప్పినారు, ముందు సంగతేందో చూడండి, ఎవరినీ బెదిరించొద్దు అని." రేణుక ఆగింది. "నేను ఫ్యానుకు అమ్ముడుపోయినానని అనుకున్నావా?"

సుస్మిత నేల చూసింది. రేణుక కోప్పడలేదు. "అనుకో. తప్పులేదు. నేనైనా అనుకుంటా. కూర్చో, ఇది చూడు."

ముందు రోజు సాయంత్రం రేణుక ఆ ఇరవై రెండు వరసలనూ శాతం ప్రకారం కాకుండా, పరీక్ష మొదలైన సమయం ప్రకారం పేర్చి పెట్టింది. సుస్మిత ఊదిన గాలి కాలమ్‌ను పై నుంచి కిందికి చదివింది. నాలుగు వేల మూడు వందల పది. నాలుగు వేల రెండు వందల అరవై. నాలుగు వేల రెండు వందల ముప్పై. పుల్లారావు, నాలుగు వేల నూట ఎనభై. తర్వాత నాలుగు వేల నూట ఇరవై. ఓబులేసు, నాలుగు వేల యాభై. అట్లా తగ్గుతూ తగ్గుతూ పదకొండో మనిషి దగ్గరికి వచ్చేసరికి మూడు వేల ఆరు వందల ఇరవై. అక్కడ పన్నెండు నిమిషాలు ఎవరూ ఊదలేదు. తర్వాత మళ్ళీ నాలుగు వేల నూట నలభై దగ్గర మొదలై, మళ్ళీ తగ్గుతూ పోయింది.

"మనుషులు మారుతాండారు. ఊపిరి మాత్రం మెట్టు మెట్టు దిగుతాంది" అంది రేణుక. "ఇది ఎట్ల ఉంది నీకు?"

సుస్మిత ఇంకోసారి చదివింది.

"ఒకే మనిషి అలిసిపోతున్నట్టు ఉందక్కా."

"మధ్యలో కూచోని, టీ తాగి లేచినట్టు ఉంది."

మొదటి వరసలో పేరు మహేష్. ఇరవై నాలుగేళ్ళు. ప్యాకింగులో పనిచేస్తాడు. అతను ఊదాల్సింది నాలుగు వేల నూట ఇరవై, ఊదింది నాలుగు వేల మూడు వందల పది. నూట నాలుగు పాయింట్ ఆరు శాతం. ఆ ఇరవై రెండు మందిలో నమ్మదగిన లెక్క అతనిదొక్కటే.

మహేష్ సుస్మిత వాళ్ళ కాలనీలోనే ఉంటాడు. మండలం కబడ్డీ జట్టులో ఆడతాడు. ఫ్యాక్టరీ వదిలే టైముకు ఇద్దరూ పోయి గేటు అవతల నిలబడ్డారు. బయటికి వచ్చిన మహేష్, సుస్మిత పక్కన రేణుకను చూడగానే సైకిల్ తిప్పబోయాడు.

"మహేష్, కబడ్డీలో కూత ఎంతసేపు పెడతావ్?" అని అడిగింది సుస్మిత.

అతను సైకిల్ దిగాడు.

"నేనే ఊదినా అక్కా. అందరికీ."

"ఎవరు ఊదమన్నారు? రంగనాయకులు గారా?"

"అయ్యో, ఆయనకేం తెలుసు? ఆయన ఊళ్ళోనే లేడు."

"మరి రాజ్ కుమార్ ఏమన్నా తీసుకున్నాడా?"

"ఏం తీసుకోలేదక్కా. ముందు ఆయన ఒప్పుకోలేదు. పెద్దోళ్ళంతా చుట్టూ నిలబడి దండం పెట్టినారు. ఆయనే ఏడ్చినంత పని చేసినాడు. మూడుసార్లు ఊదాలంట, నా వల్ల కాలేదు, ఒక్కోసారే ఊదినా. పదకొండో ఆయన కాడ కళ్ళు తిరిగి పడిపోయినా. నీళ్ళు కొట్టి, టీ తాపించి మళ్ళీ కూచోబెట్టినారు."

"ఎందుకు మహేష్?" అంది రేణుక.

"క్యాంపు మొదలు పెట్టేటప్పుడు రాజ్ కుమార్ అన్న అన్నాడు, రిపోర్టు మీ ఓనరుకు కూడా పంపుతాం అని. ఇంకేముంది? యాడనో ఇట్లనే క్యాంపు పెట్టి, ఊదలేనోళ్ళనంతా పనిలో నుంచి తీసేసినారని ఒకాయన చెప్పినాడు. నిజమో అబద్ధమో ఎవరికి తెలుసు. అందరికీ గుండె జారిపోయింది."

"ముందు అడిగింది ఎవరు?"

మహేష్ సుస్మిత వైపు చూడకుండా చెప్పాడు. "మీ నాయనే."

*

ఇంటికి పోయేసరికి ఓబులేసు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మహేష్ ముందే ఫోన్ చేసినట్టున్నాడు. కూతురిని చూసి పక్కకు జరిగి చోటు ఇచ్చాడు. సుస్మిత కూర్చుంది.

"నీకు చెప్తే నువ్వు రాస్తావని చెప్పలేదు" అన్నాడు ఓబులేసు.

"మూడు రోజులు నేను రాజ్ కుమార్‌ని అనుమానించినా, మీ ఓనరును అనుమానించినా, రేణుకక్కను కూడా అనుమానించినా నాయనా. అందరూ దొంగలే అనుకున్నా."

"దొంగను నేనే కదా." ఓబులేసు నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక మెల్లగా అన్నాడు. "చూడమ్మా, కాగితం మీద జబ్బు పడితే పని పోతాది. కాగితం మీద పడకపోతే దమ్ము ఒక్కటే పోతాది. దమ్ము ఎట్లాగూ పోయేదే. పనన్నా మిగుల్చుకుందామని చూసినా."

"రిపోర్టులో మీ పేర్లు మీ ఓనరుకు పోవు నాయనా. రాజ్ కుమార్ సగం చెప్పినాడు. ఆయనకు పోయేది మొత్తం మీద సగటు ఒక్కటే."

"అని నువ్వంటావు. రేపు ఇంకొకరు వచ్చి పేర్లు అడుగుతారు. అప్పుడు?"

ఆయన మాటలో తప్పేమీ కనపడలేదు సుస్మితకు. ఒక్కటే అడిగింది.

"నాకోసం ఒక్కసారి ఊదు. అంకె నీకు నాకు మాత్రమే. నీకు నచ్చకపోతే నీ కళ్ళ ముందే తీసేస్తా."

ఓబులేసు తువ్వాలు దులుపుకుని లోపలికి పోయాడు.

ఆదివారం పొద్దున, ఎరువుల దుకాణం ఇంకా తెరవక ముందే ఆఫీసుకు వచ్చాడు. రాజ్ కుమార్ మిషను సిద్ధం చేసి ఉన్నాడు. రేణుకే అతన్ని పిలిపించింది. అతను ఓబులేసు ముఖం చూడలేక గొట్టం వైపే చూస్తూ, "ముక్కు మూసుకోండి మామా. దమ్ము నిండా పట్టి ఒక్కసారిగా వదలండి. ఆపకుండా, ఇంకా, ఇంకా" అన్నాడు.

ఓబులేసు మూడుసార్లు ఊదాడు. రెండోసారి మధ్యలోనే గొట్టం వదిలేసి టేబుల్ అంచు పట్టుకున్నాడు. మూడింటిలోనూ ఎక్కువ వచ్చింది పదిహేడు వందల తొంభై.

సుస్మిత టైపు చేసింది. రన్ నొక్కింది. ఊదాల్సింది మూడు వేల ఎనభై. శాతం కాలమ్‌లో యాభై ఎనిమిది పాయింట్ ఒకటి అని వచ్చింది. ఆమె రెండోసారి నొక్కింది, మారుతుందేమో అన్నట్టు. మారలేదు.

"ఎంత?" అన్నాడు ఓబులేసు.

"యాభై ఎనిమిది నాయనా."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను ముప్పై ఉంటాదేమో అనుకుంటి" అన్నాడు. ఆ మాట వినేసరికి సుస్మితకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళూ ఆయన లోపల మోసుకుని తిరిగిన అంకె ముప్పై.

తీసేయమంటాడేమో అని ఆమె కళ్ళు తుడుచుకుని ఎదురుచూసింది. ఆయన తీసేయమనలేదు.

*

ఆ తర్వాత వారంలో పదమూడు మంది వచ్చి మళ్ళీ ఊదారు. ఏడుగురు రాలేదు. పుల్లారావు ఆ ఏడుగురిలో ఒకడు. ఓబులేసు ఇంటికి పోయి చెప్పినా, "నీ కూతురు అక్కడుంది కాబట్టి నీకు భయం లేదు, నాకెవరున్నారు?" అన్నాడట. అబద్ధం అంకెలన్నీ తీసేయమని డాక్టర్ నిత్యానందం చెప్పారు. ఆ ఏడు వరసల్లో ఊదిన గాలి గడులు ఖాళీ చేశారు. క్వెరీ నడిపితే వాళ్ళ శాతం కూడా ఖాళీగానే వచ్చింది.

"ఖాళీని దేనితో భాగించినా ఖాళీయే వస్తాది. సున్నా రాదు" అంది రేణుక. "సున్నా అంటే ఊపిరి లేదని. ఖాళీ అంటే మనకు తెలియదని. రెండూ ఒకటి కావు, గుర్తుపెట్టుకో."

నెలాఖరున రంగనాయకులు గారు స్వయంగా ఆఫీసుకు వచ్చారు. సుస్మిత ఆయన ముందే క్వెరీ రాసింది. పేరు అన్న కాలమ్ అడగలేదు. వయసు కూడా అడగలేదు. కోత దగ్గర పనిచేసేవాళ్ళ సగటు, ప్యాకింగులో పనిచేసేవాళ్ళ సగటు, రెండే రెండు వరసలు. మొదటిది అరవై ఒకటి, రెండోది తొంభై నాలుగు.

"పేర్లు ఏవమ్మా?"

"క్వెరీలో పేర్లు అడగలేదు సార్."

"నా దగ్గర పనిచేసేవాళ్ళ పేర్లు నా దగ్గరే దాస్తారా? నేనేమన్నా వాళ్ళను తినేస్తానా?" ఆయన గొంతు పెరిగింది. "అసలు ఈ లెక్క నిజమని ఏంది నమ్మకం? పోయినసారి అందరికీ నూరు దాటిందంట కదా!"

ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో వాళ్ళెవరికీ తెలియలేదు. రేణుక సుస్మిత వైపు, సుస్మిత తలుపు దగ్గరున్న రాజ్ కుమార్ వైపు చూశారు. రాజ్ కుమార్ తల అడ్డంగా ఊపాడు.

"పేర్లు వాళ్ళవి సార్" అంది రేణుక. "మీరు చూడాల్సింది ఈ రెండు వరసల మధ్య తేడా. అది దుమ్ముది. రంపం దగ్గర నీళ్ళు పడేట్టు పైపులు పెడితే పొడి లేవదని డాక్టర్ గారు కాగితం మీద రాసిచ్చినారు. ఇదిగో."

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయారు.

పద్దెనిమిది రోజుల తర్వాత నాలుగు మిషన్లలో రెండింటికి నీళ్ళ పైపులు వచ్చాయి. మిగతా రెండింటికి ఇంకా రాలేదు. ఆ రెంటి మీద పనిచేసేవాళ్ళు, మా పేర్లు తెలిసిపోయినందుకే మమ్మల్ని ఇక్కడ ఉంచినారు అని గొణుక్కుంటున్నారు. పైపులు ఉన్న మిషన్ల మీద ఉన్నవాళ్ళూ అదే అనుకుంటున్నారు.

ఓబులేసు మాత్రం ఒకరోజు పొద్దున పనిలోకి దిగకుండా, తిన్నగా ఓనరు గదిలోకి పోయాడు. "నాది యాభై ఎనిమిది సార్. కోత నా వల్ల కాదు. చెక్క ఫ్రేములు బిగించే పనిలో వేయండి" అని అడిగాడు. రంగనాయకులు గారు, "నాతో ముందే చెప్పొచ్చు కదరా" అన్నారట. ఆ మాట ఎట్లా తీసుకోవాలో ఓబులేసుకు ఇప్పటికీ తెలియదు. ఫ్రేముల పని మాత్రం దొరికింది.

పోయిన బుధవారం సుస్మిత ఆయన్ని ఎక్స్‌రేకి ఒంగోలు తీసుకుపోయింది. బస్సు పొదిలి దాటాక, కిటికీ పక్కన కూర్చున్న ఓబులేసు అడిగాడు.

"ఈ ఫోటో కూడా కంప్యూటర్లోకి పోతాదా?"

"పోతాది నాయనా."

"ఎవరెవరు చూస్తారు?"

"డాక్టరు గారు, రేణుకక్క, నేను."

"రాజ్ కుమార్?"

"ఆయన కూడా."

ఓబులేసు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "నలుగురు" అన్నాడు. కాసేపు బయటికి చూసి, "ఎక్కువే" అని, తువ్వాలు మెడకు చుట్టుకున్నాడు.